టాపు లేని బండి, రెండే సీట్లు

మొన్న ఆదివారం మా అపార్ట్‌మెంట్ పార్కింగులో కారు కింద పడుకుని, క్లచ్ దగ్గర ఆయిల్ కారుతోందా లేదా అని టార్చి వేసి చూస్తున్నా. పక్క బ్లాకులో ఉండే మన తెలుగాయన ఒకరు కిరాణా సంచులతో వెళ్తూ ఆగారు. కాసేపు నా కాళ్ళనే చూసి (బయటికి కనిపిస్తున్నవి అవే కదా), "ఏం బాబూ, ఇంకా బాగవలేదా ఇది?" అన్నారు. ఆ గొంతులో వెటకారం లేదు. జాలి ఉంది. వెటకారమైతే నవ్వేసి ఊరుకునేవాణ్ణి, జాలికి మాత్రం సమాధానం చెప్పాలనిపించింది. కానీ అప్పటికి ఆయన లిఫ్ట్ ఎక్కేశారు.

రెండేళ్ళుగా ఇదే ప్రశ్న రకరకాలుగా వింటున్నా. అంచేత ఒకసారి మొత్తం రాసి పెట్టేస్తే ఓ పనైపోతుంది.

నేనుండేది డల్లాస్ పక్కన, ఇర్వింగ్‌లో. ఇక్కడ మనవాళ్ళకి కార్ల విషయంలో ఒక అలిఖిత రాజ్యాంగం ఉంది. ఎమ్మెస్‌కి వచ్చిన కొత్తలో సీనియర్ దగ్గర కొన్న పాత కరోలా. ఉద్యోగం రాగానే క్యామ్రీ గానీ అకార్డ్ గానీ. పెళ్ళయితే సీఆర్-వి. ఇల్లు కొంటే టెస్లా. ఇంట్లో పిల్లలు, ఇండియా నుంచి అమ్మానాన్నలు కలిసి ఆరుగురైతే ఓ మినీ వ్యాను. ఈ వరసలో ఎక్కడా తప్పటడుగు వేసినవాడు నాకు తెలిసి లేడు. నా దగ్గరా కరోలా ఉంది, రోజూ ఆఫీసుకి దాన్లోనే వెళ్తా. దాని తర్వాత క్యామ్రీ కొనాల్సిన సమయానికి, 2023 అక్టోబర్‌లో, నేను కొన్నది 1997 మోడల్ మాజ్డా మియాటా. రెండు తలుపులు, రెండు సీట్లు, గుడ్డ టాపు, గేర్లు చేత్తో మార్చుకోవాలి. అప్పటికే లక్షా పద్దెనిమిది వేల మైళ్ళు తిరిగింది. ధర 5,200 డాలర్లు.

ఈ మాట మొదట మా రూమ్మేట్‌కి చెప్పా. "రీసేల్ ఎంతుంటుంది?" అన్నాడు. తర్వాత ఇంటికి ఫోన్ చేశా. మా నాన్న వీడియోలో దాన్ని ఎగాదిగా చూసి, "ఏటిరా, టాపు లేని బండా? ఆ మాత్రం దానికి అమెరికా ఎల్లాలా? మన అడ్డరోడ్డులో ఆటో యెనక నిలబడితే సాలదా?" అన్నాడు. అమ్మ ఫోను లాక్కుని ఒక్కటే అడిగింది. "రెండే సీట్లా? మేమొస్తే ఎక్కడ కూకుంటాం?"

నా దగ్గర మూడింటికీ సమాధానం లేదు. కానీ అమ్మ ప్రశ్న మాత్రం అక్కడే ఉండిపోయింది. దాని సంగతి తర్వాత చెప్తా.

మాది ఏటికొప్పాక. విశాఖ నుంచి తుని వైపు వస్తుంటే ఎలమంచిలి దాటాక, నర్సీపట్నం రోడ్డు చీలే అడ్డరోడ్డుకి దగ్గర్లో, వరాహ నది ఒడ్డున ఉంటుంది. పేరు వినగానే చాలామందికి గుర్తొచ్చేది లక్క బొమ్మలు. మా నాన్న ఆ బొమ్మలు చేసేవాడే. నాకు తెలిసిన మొదటి కారు, మా ఇంట్లో లేత్ మీద తిరిగి బయటికొచ్చిన అంకుడు కర్ర కారు. దానికీ టాపు లేదు, మనుషులు లేరు, నాలుగు ఎర్ర చక్రాలు మాత్రం ఉండేవి. ఆ తర్వాత టాపు లేని కారంటే సినిమాలో హీరో నడిపేదే. నేను బీటెక్ చదివే రోజుల్లో వైజాగ్ బీచ్ రోడ్డులో ఒకసారి పైకప్పు తీసిన జిప్సీ ఒకటి పోతుంటే, అది కనపడకుండా పోయేదాకా నిలబడి చూశా. ఇండియాలో ఇలాంటి బండ్లు చెయ్యాలని ప్రయత్నించినవాళ్ళు లేకపోలేదు. సాన్ మోటార్స్ అని ఒక కంపెనీ 'స్టార్మ్' పేరుతో ఫైబర్ గ్లాస్ బాడీ, రెనో 1.2 లీటర్ ఇంజన్‌తో రెండు సీట్ల బండి చేసింది. ఎంతమంది పేరు విన్నారు? అదీ సంగతి.

ఇక మియాటా కథ. 1979లో బాబ్ హాల్ అనే ఒక అమెరికన్ ఆటోమొబైల్ విలేఖరి, జపాన్‌లో మాజ్డా పెద్దాయన కెనిచి యమమోటోతో మాట్లాడుతూ, పాతకాలపు బ్రిటిష్ ఓపెన్ టాప్ బండ్లలాంటి తేలికైన, చవకైన కారు ఒకటి మీరెందుకు చెయ్యకూడదు అన్నాడట. ఆ మాట పదేళ్ళు నానింది. 1989 ఫిబ్రవరిలో షికాగో ఆటో షోలో బండి బయటికొచ్చింది. 2016 ఏప్రిల్‌కి పది లక్షలు తయారయ్యాయి. రెండు సీట్ల స్పోర్ట్స్ కార్లలో ఇంతగా అమ్ముడుపోయింది ఇంకోటి లేదు, గిన్నిస్ వాళ్ళే రాసుకున్నారు. అంత గొప్ప ఇంజనా అంటే కాదు. నా బండిలో ఉన్నది 1.8 లీటర్లు, కొత్తప్పుడు 133 గుర్రాలు. హైవే మీద పక్కనుంచి మినీ వ్యాన్లు కూడా దాటిపోతాయి. కానీ బండి మొత్తం బరువు వెయ్యి కిలోలు చిల్లర. స్టీరింగ్ కొంచెం తిప్పితే కొంచెం తిరుగుతుంది, ఎక్కువ తిప్పితే ఎక్కువ తిరుగుతుంది. వింతేముంది అంటారా? ఇప్పటి కార్లలో మనం తిప్పాక, కంప్యూటరు ఆలోచించి, ఒక మోటారు తిప్పుతుంది. మధ్యలో ఎన్ని లేయర్లు ఉన్నాయో మనకి తెలీదు. ఇందులో రోడ్డుకీ చేతికీ మధ్య మిడిల్‌వేర్ తక్కువ :)

అన్నట్టు, ఇది 1997లో పుట్టింది. నేనూ అప్పుడే పుట్టా. హెడ్‌లైట్లు స్విచ్ వేస్తే కప్పలా కళ్ళు పైకి లేపుతుంది. ఆ మోడల్‌లో కళ్ళు లేపే బండికి అదే ఆఖరి ఏడాది. ఇంకేం కావాలి చెప్పండి, కొనెయ్యడానికి?

పాతికేళ్ళు దాటిన బండి కొనేటప్పుడు మైళ్ళు చూడకూడదు, నీళ్ళు చూడాలి. ఇది నేను డబ్బు పోసి నేర్చుకున్న పాఠం. గుడ్డ టాపు మీద పడ్డ వాన, సీట్ల వెనకాల ఒక కాలువలోకి దిగి, తలుపుల వెనక ఉండే రెండు గొట్టాల్లోంచి కిందికి పోవాలి. ఆ గొట్టాల్లో ఆకులూ మట్టీ చేరితే నీళ్ళు పోయే దారి లేక బండి లోపలికి, తలుపు కింది రేకులోకి చేరతాయి. పైకి రంగు నిగనిగలాడుతూనే ఉంటుంది, కింద తుప్పు తినేస్తూ ఉంటుంది. అందుకని కొనేముందు వంగి తలుపు కింద చెయ్యి పెట్టి తడమాలి. రెండోది రేడియేటర్ పైన ఉండే ప్లాస్టిక్ ట్యాంకు. నల్లగా ఉంటే పర్లేదు. గోధుమ రంగుకి తిరిగితే అది పగలడానికి ముహూర్తం చూసుకుంటోందని అర్థం. మూడోది టైమింగ్ బెల్టు. అరవై వేల మైళ్ళకోసారి మార్చాలి. ఎప్పుడు మార్చారో కాగితం ఉంటేనే నమ్మాలి.

నాకు అమ్మినాయన ఒక రిటైరైన అమెరికన్. తలుపు కింద రేకు గట్టిగా ఉంది. రేడియేటర్ గోధుమ రంగులో ఉంది. బెల్టు కాగితం లేదు. "మార్చే ఉంటాను" అన్నాడు నిజాయితీగా. ఆ రెండూ చూపించి ఆరువేల నుంచి అయిదువేల రెండొందలకి దించా. బేరం బాగా చేశానని ఇంటికొచ్చేదాకా ఈల వేసుకుంటూ వచ్చా. పై లెక్క తర్వాత తెలిసింది.

ఈ రెండేళ్ళలో ఎంతయిందో దాచకుండా చెప్తా, ఎందుకంటే ఇలాంటి బండ్ల గురించి మురిసిపోతూ రాసేవాళ్ళు ఈ ఒక్క ముక్కా మింగేస్తారు. టాపు మార్పించడానికి 930 డాలర్లు. పనిముట్లు 600. షాక్ అబ్జార్బర్లు 520. టైర్లు 420. టైమింగ్ బెల్టు, వాటర్ పంపు కలిపి 210. రేడియేటర్ 160. బ్యాటరీ 150 (అది డిక్కీలో ఉంటుంది, మామూలుది పెట్టకూడదు). చిల్లరా మల్లరా 410. మొత్తం 3,400. ఇది టాపు తప్ప మిగతా పనంతా నేనే చేసుకుంటే. షాపులో ఇచ్చుంటే దీనికి రెండింతలు దాటేది. కాబట్టి "పాత కారు కొంటే డబ్బు మిగులుతుంది" అనే మాట ఇక్కడ నేను చెప్పబోవడం లేదు.

మొదటి దెబ్బ కొన్న నెలకే తగిలింది. తప్పు నాదే. గొట్టాలు శుభ్రం చెయ్యాలని చదివాను గానీ "వచ్చే వారం చూద్దాం" అనుకున్నా. ఓ రాత్రి కుంభవృష్టి. పొద్దున్న తలుపు తీస్తే కాళ్ళ కింద చెరువు. కార్పెట్ పీకి బాల్కనీలో ఆరేస్తే, వారం రోజులు మా ఫ్లాట్ అంతా తడిసిన గొంగళి వాసన. రూమ్మేట్ ఏమీ అనలేదు, అగరొత్తుల ప్యాకెట్టు కొనుక్కొచ్చాడు.

రెండోది టైమింగ్ బెల్టు. వీడియోల్లో నాలుగు గంటల పని. నాకు శని, ఆదివారాలు కలిపి పద్నాలుగు గంటలు పట్టింది. అంతా బిగించి తాళం తిప్పితే ఇంజన్ వణుకుతోంది, దగ్గుతోంది. బెల్టు ఒక పన్ను పక్కకి కూర్చుంది. ఒకే ఒక్క పన్ను! మన భాషలో ఆఫ్-బై-వన్ ఎర్రర్. చాలా ఇంజన్లలో బెల్టు పూర్తిగా తప్పితే వాల్వులూ పిస్టన్లూ గుద్దుకుని ఇంజన్ చెత్తకుప్పే. ఈ ఇంజన్‌లో మాత్రం అవి ఒకదానికొకటి తగలకుండా చోటు వదిలారు. మళ్ళీ మొత్తం విప్పి మొదటినుంచీ చేశా. రాత్రి తొమ్మిదింటికి ఇంజన్ నున్నగా తిరగడం మొదలుపెట్టినప్పుడు, నేను రాసిన ఏ కోడు ప్రొడక్షన్‌లోకి వెళ్ళినా అంత ఆనందం కలగలేదు. చేతులు మాత్రం రెండ్రోజులు కీబోర్డు మీద ఆనలేదు.

ఇక్కడో మాట చెప్పాలి. మన ఇండస్ట్రీలో "మెయింటెనెన్స్ ప్రాజెక్ట్" అంటే శిక్ష. సపోర్ట్‌లో పడ్డాడంటే వాడి కెరీర్ అయిపోయిందని జాలిపడతాం. ఎవడికైనా కొత్తది కట్టాలనే. పాత కోడు కనపడితే "మొత్తం తిరగరాద్దాం" అనేది మన మొదటి మాట. నేనూ అన్నా, చాలాసార్లు. ఈ బండి కిందికి దూరాక ఆ మాట అనడానికి కొంచెం నోరు రావడం లేదు. ఎవరో ఎప్పుడో ఆలోచించి చేసిన వస్తువుని విప్పి, వాడెందుకిలా చేశాడో అర్థం చేసుకుని, మళ్ళీ అలాగే బిగించడం తక్కువ తెలివితో అయ్యే పని కాదు. వాల్వుకీ పిస్టన్‌కీ మధ్య ఆ కాస్త చోటు వదిలిన ఇంజనీరెవరో నాకు తెలీదు. నాలాంటివాడొకడు పాతికేళ్ళ తర్వాత బెల్టు తప్పు కూర్చోబెడితే ఏమవుతుందన్నది ఆ డిజైన్‌లో అప్పుడే తేలిపోయింది.

టెక్సాస్‌లో 2025 జనవరి నుంచి సొంత కార్లకి ఏటా జరిగే సేఫ్టీ తనిఖీ తీసేశారు. బ్రేకులు బాగున్నాయా లేదా అని ఇక ఎవరూ అడగరు. అడగాల్సింది మనమే. బాగోగులు చూడటం అంటే అసలు అదేనేమో, ఎవరూ అడగనప్పుడు చూసుకోవడం.

ఇంతదాకా చదివి "బాగుందిరా అబ్బీ, మంచి హాబీ" అనుకునేవాళ్ళు ఇక్కడితో ఆపెయ్యొచ్చు. అసలు రాయాలనుకున్నది ఇకముందు ఉంది.

2022లో మా నాన్న చేత లేత్ అమ్మించేశాను.

కారణాలు ఉన్నాయి. ఆయనకి మణికట్టు నొప్పి. కర్ర పొట్టు పడక దగ్గు. అంకుడు కర్ర దొరకడం ఏటికేడాది కష్టమైపోతోంది. నాకు ఉద్యోగం వచ్చింది, నెలనెలా డబ్బు పంపుతున్నా. ఇవన్నీ నిజాలే, డాక్టరు కూడా విశ్రాంతి మంచిదే అన్నాడు. కానీ వీటి వెనకాల ఇంకో కారణం ఉంది, అది అప్పుడు నాకు నేను కూడా చెప్పుకోలేదు. కొడుకు అమెరికాలో సాఫ్ట్‌వేర్ అయ్యుండి, తండ్రి ఇంకా లేత్ ముందు చొక్కా లేకుండా కూర్చోవడం నాకు నామోషీగా ఉండేది. "నాన్న రిటైరయ్యారు" అని చెప్పుకోవాలని ఉండేది. ఆయన పెద్దగా వాదించలేదు. "సరే, నీ ఇట్టం" అన్నాడు. మా వీధిలోనే ఒక కుర్రాడు ఇరవై వేలకి కొనుక్కున్నాడు. లేత్ ఉన్న గదికి నేను టైల్స్ వేయించి, ఏసీ పెట్టించా, నేను సెలవులకి వచ్చినప్పుడు పడుకోవడానికి. మూడేళ్ళలో ఆ గదిలో నేను పడుకున్నది పదకొండు రాత్రులు.

ఈ లెక్క నాకు ఎప్పుడు తట్టిందో చెప్తా. 2025 జనవరి 26న ఢిల్లీలో రిపబ్లిక్ డే పెరేడ్‌లో ఆంధ్రప్రదేశ్ శకటం మా ఊరి బొమ్మలదే. శకటాల్లో మూడో బహుమతి కూడా వచ్చింది. అంతకుముందు 2017లో మా బొమ్మలకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. మా ఊళ్ళో చెట్ల రంగులు తిరిగి తీసుకొచ్చిన సి.వి. రాజు గారికి 2023లో పద్మశ్రీ వచ్చింది. ఈ రెండూ వార్తల్లో చూసి షేర్ చేసుకుని ఊరుకున్నా. శకటం రోజు మాత్రం ఫోన్ చేశా. ఊరంతా టీవీల ముందే ఉంది. "చూశావా నాన్నా!" అన్నా. "చూశాన్రా. బాగుంది," అన్నాడు. కాస్సేపాగి, "ఆ రోజు నాకాడ లేత్ ఉంటే, ఒక్క బొమ్మైనా తిప్పుదును" అన్నాడు. నిష్ఠూరం కాదు. ఉగాది రోజు పచ్చడి చేసుకోలేదని చెప్పినట్టు చెప్పాడు.

ఆ రాత్రి కూర్చుని లెక్కేశా. నా బండి గుడ్డ టాపుకి నేను పెట్టిన 930 డాలర్లు మన రూపాయల్లో దాదాపు ఎనభై వేలు. నాన్న లేత్ లాంటివి నాలుగు. ఇరవయ్యెనిమిదేళ్ళ పాత యంత్రాన్ని నేను శని, ఆదివారాలు నడుము విరిగేలా బాగుచేసుకోవచ్చు, అది నాకు "ఆరోగ్యకరమైన వ్యాపకం". ముప్ఫయ్యేళ్ళు ఆడించిన యంత్రం మీద ఆయన కూర్చుంటే అది "ఈ వయసులో ఎందుకు". ఇదెక్కడి న్యాయం, మీరే చెప్పండి?

వెంటనే క్షమించమని అడిగే అలవాటు మా ఇంట్లో లేదు. అందుకని ఒక పని అడిగా. "నాన్నా, నా బండికి గేరు కర్ర మీద పట్టుకునే గుండు అరిగిపోయింది. ఒకటి తిప్పి పంపగలవా?" ఫోన్లో నిశ్శబ్దం. తర్వాత ప్రశ్నలు మొదలయ్యాయి. ఎంత లావు? గుప్పిట్లో పూర్తిగా ఇమడాలా, అరచేతిలో ఆనితే చాలా? కిందన ఏముంటాది? "పది ఎమ్మెమ్ నట్టు పట్టాలి" అని చెప్పా.

నెలన్నరకి వైజాగ్ నుంచి వస్తున్న ఒక ఫ్రెండు సూట్‌కేసులో, ఆవకాయ జాడీకీ కందిపొడికీ మధ్య, గుడ్డలో చుట్టి వచ్చింది. పసుపు రంగు, మధ్యలో రెండు ఎర్ర గీతలు. అద్దంలా మెరుస్తోంది. తిరుగుతున్న కర్రకి లక్క కడ్డీ అదిమితే ఆ రాపిడి వేడికే లక్క కరిగి కర్రకి పట్టుకుంటుంది. తర్వాత మొగలి ఆకు పెట్టి రుద్దితే ఆ మెరుపు వస్తుంది. చిన్నప్పుడు వంద సార్లు చూసిందే. మొదటిసారి చూసినట్టు చూశా.

బండికి పెడితే పట్టలేదు. పది ఎమ్మెమ్మే గానీ మరల దూరం వేరు. బజార్లో మామూలుగా దొరికే నట్టుకి 1.5, నా బండికి కావాల్సింది 1.25. రిక్వైర్‌మెంట్ సగం రాసి, డెలివరీ తప్పన్నట్టుంది నా పని. చెప్పడానికి భయపడుతూ చెప్పా. నాన్న నవ్వాడు. "ఆ ముక్క ముందే సెప్పాలి కదరా ఇంజనీరూ" అన్నాడు. మర్నాడే ఎలమంచిలి వెళ్ళి, ఒక బైకు మెకానిక్ దగ్గర సన్న మర నట్టు పట్టుకొచ్చాట్ట. కొన్ని బైకులకి ఆ మరే వాడతారు. రెండో గుండు మే నెలలో వచ్చింది. సరిగ్గా మూడున్నర చుట్లు తిరిగి, గీతలు ఎదురుగా వచ్చి ఆగింది. ఫోటో పంపా. అమ్మ అప్పుడు చెప్పింది, రెండు గుళ్ళూ తన లేత్ కొనుక్కున్న కుర్రాడి దగ్గరికే వెళ్ళి, వాడు భోజనానికి లేచిన టైములో అడిగి కూర్చుని తిప్పాడని. తన లేత్ మీద, అడిగి.

జూలైలో ఓ మధ్యాహ్నం టాపు తీసి ఎండలో ఆపి వెళ్ళా. గంట తర్వాత వచ్చి గేరు వేస్తే గుండు చేతికి అంటుకుంది. వేలిముద్రలు దాని మీద పడిపోయాయి. లక్క మెత్తబడేది సుమారు డెబ్భై డిగ్రీల చుట్టుపక్కల. టెక్సాస్ ఎండలో కారు లోపలి వస్తువులు ఆ వేడికి చేరడం పెద్ద వింత కాదు. గుండె గుభేలుమంది. ఏడుపు మొహంతో నాన్నకి చూపించా. ఆయన ఫోను దగ్గరికి పెట్టుకుని పరీక్షగా చూసి, "ఏటీ కాలేదు. సల్లారాక మెత్తటి గుడ్డెట్టి తుడు. ఎండలో బండి ఆపితే గుండు ఇప్పి జేబులో ఏసుకో, తాళంతో పాటు" అన్నాడు. అప్పట్నుంచీ అదే చేస్తున్నా. మా ఆఫీసులో మీటింగులో జేబులోంచి పసుపు గుండు తీసి బల్ల మీద పెడితే, అదేంటని అడగనివాడు లేడు. ఆ వేలిముద్రలు మాత్రం పూర్తిగా పోలేదు. ఒక పక్క ఇంకా లీలగా ఉన్నాయి. మళ్ళీ పాలిష్ పట్టిస్తానంటే ఉండనియ్ అన్నాడు.

ఆ పాత లేత్ వెనక్కి కొనాలని అడిగించా. ఆ కుర్రాడు ఇవ్వనన్నాడు. వాడి తప్పేం లేదు, ఇద్దరు పిల్లలతో ఇల్లు దాని మీదే నడుస్తోంది. నాన్న ఇప్పుడు సాయంత్రాలు అక్కడికి వెళ్ళి గంటో రెండు గంటలో కూర్చుంటున్నాడు. మూతికి గుడ్డ కట్టుకుంటున్నాడని అమ్మ హామీ. దగ్గు ఉంది. మణికట్టు నొప్పి కూడా అలాగే ఉంది. నేను చెప్పిన కారణాలు అబద్ధాలు కావని ముందే అన్నా కదా. ఆయన పని చెయ్యడమే మంచిదని ఇప్పుడు ఖాయంగా అనలేను. ఆ నిర్ణయం నేను చెయ్యాల్సింది కాదని మాత్రం అనగలను.

ఈ బండిని ఇండియా తీసుకెళ్ళొచ్చు కదా అని కొందరు అడుగుతుంటారు. కుదరదు. మూడేళ్ళు దాటిన పాత కారునీ, ఎడమ పక్క స్టీరింగ్ ఉన్నదాన్నీ మన దేశంలోకి రానివ్వరు. కాబట్టి అమ్మానాన్నలే ఇక్కడికి రావాలి. వచ్చే వేసవికి పిలుద్దామని ఉంది. అమ్మ పాత ప్రశ్న మళ్ళీ వేసింది. రెండే సీట్లు కదా, ఎలాగా అని. "కరోలాలో నలుగురం పోదాం. దీన్లో మాత్రం ఒకసారి నువ్వు, ఒకసారి నాన్న" అన్నా. వెనకనుంచి నాన్న, "ముందు మీ అమ్మని తిప్పు. నాను బండి కింద ఏటుందో సూడాల" అన్నాడు.

మొన్న ఆదివారం బండి కింద నేను వెతికిన ఆయిల్ మరక దొరికింది. క్లచ్ దగ్గరుండే చిన్న సిలిండర్, ముప్ఫై అయిదు డాలర్ల వస్తువు, రెండు బోల్టులు. వచ్చే శనివారం మారుస్తా. ఆ సాయంత్రమే ఫోన్ చేసి, సంక్రాంతికి వస్తున్నానని, కొత్త లేత్ ఒకటి చూడమని నాన్నతో అన్నా.

"కొంటావు సరే, ఎక్కడ పెడతావు? ఆ గదిలో ఏసీ ఎట్టించీసేవు కదా."

"ఏసీ తీయించేస్తా. లేకపోతే పెరట్లో రేకుల షెడ్డు వేద్దాం. ఎంతవుతుందో కనుక్కో."

"సూద్దాంలే," అన్నాడు. ఔనని కాదు, కాదనీ కాదు. ఆ తర్వాత, "మీకాడ రాత్రికి వాన పడతాదని ఫోన్లో సూపిస్తంది. ఆ గొట్టాలు తుడిచేవా?" అన్నాడు.

తుడవలేదు. ఫోను పెట్టేసి కిందికి వెళ్ళా.